రెండో మాత్ర

రంపపు మిల్లు వాసన ముక్కుకి తగిలేదాకా, తను దారి తప్పిన సంగతి డ్రైవరు గడియారానికి తెలియలేదు. స్కూలు బస్సు సర్కిల్ దగ్గర ఎడమకి తిరగాలి. ఇరవై రెండేళ్ళుగా తిరుగుతూనే ఉంది. ఆ సోమవారం పొద్దున మాత్రం తిన్నగా పోయింది. పోయి, ఎన్ని మలుపులు తిరిగిందో ఏమో, చెక్కపొట్టు గుట్టల మధ్యకి వెళ్ళి ఆగింది. వెనక ముప్పై ఒక్కమంది పిల్లలు. వాళ్ళకి మాత్రం మహా సరదాగా ఉంది. "మావయ్యా, పిక్నిక్‌కి తీసుకొచ్చావా?" అని ఒకటే గోల.

సర్కిల్ గుర్తుంది. మిల్లు కళ్ళెదురుగా ఉంది. మధ్యలోది ఏమీ గుర్తులేదు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. చేతులు స్టీరింగు మీద వాటంతట అవే వణుకుతున్నాయి. బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా ఎప్పుడు ముందుకొచ్చిందో, అతని భుజం పట్టుకుని "అన్నా... అన్నా..." అంటోంది. ఎంతసేపటి నుంచి అంటోందో కూడా తెలియదు. ఏం తోచిందో ఆమెకి, ఎవరో పిల్లది ఇచ్చిన చాక్లెట్టు విప్పి అతని నోట్లో పెట్టింది. పది నిమిషాలకి లోకం మళ్ళీ కుదురుకుంది. అతను బస్సు వెనక్కి తీసి, పిల్లల్ని స్కూల్లో దించాడు.

పావుగంట ఆలస్యం. గేటు దగ్గర వాచ్‌మన్ గోడ గడియారం వైపు చూసి, ఇతని వైపు చూసి, "ఇవాళ నువ్వు చెడిపోయావా, అది చెడిపోయిందా?" అని నవ్వాడు. మరి అతనికి గడియారం అన్న పేరు ఊరికే రాలేదు. అతని బస్సు హారను విని సందుల్లో ఆడవాళ్ళు పొయ్యి కట్టేసేవాళ్ళు. అతని అసలు పేరు భార్యకీ, రేషను కార్డుకీ తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది.

పిల్లలు లోపలికి పోయాక ఆయా బస్సు మెట్టు మీద నిలబడి అతని దారికి అడ్డం వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైందన్నా నీకు?"

"ఏం లేదమ్మా. పొద్దున తినలేదు. కళ్ళు తిరిగాయి."

"కళ్ళు తిరిగితే బండి ఆపుతారు. నువ్వు ఆపలేదు. నేను పిలుస్తుంటే నా వైపు చూసి నవ్వావు. నువ్వు నవ్వినట్టు లేదది." ఆమె ఖాళీ సీట్ల వైపు చెయ్యి చూపించింది. "మూడో వరసలో నా కూతురుందన్నా. శుక్రవారం దాకా చూస్తా. ఈలోపు డాక్టరుకి చూపించుకుని, కంపెనీలో చెప్పెయ్. చెప్పకపోతే నేనే వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి చెప్తా. తర్వాత నన్ను తిట్టుకున్నా సరే."

నాలుగు రోజులు గడువు ఇచ్చినందుకు సంతోషించాలో, నాలుగు రోజులే ఇచ్చినందుకు ఏడవాలో గడియారానికి తెలియలేదు.

విచిత్రం ఏమిటంటే, అతనికి చెప్పుకోవడానికి డాక్టరు లేక కాదు. చాలామందికి లేని డాక్టరు అతనికుంది. రెండేళ్ళ క్రితం దాకా బస్సుల కంపెనీవాళ్ళు డ్రైవర్లని పెద్దాసుపత్రికి పంపేవాళ్ళు. టోకెను తీసుకుని, బెంచీ మీద సగం రోజు పడిగాపులు పడి, లోపలికి వెళ్తే డాక్టరు తలెత్తేలోపు బయటికి వచ్చెయ్యాలి. తర్వాత కంపెనీకి ఏం బుద్ధి పుట్టిందో, డ్రైవర్లందరినీ ఒక చిన్న క్లినిక్‌లో సభ్యులుగా చేర్పించింది. లైబ్రరీలో చేరినట్టే. మనిషికింత అని నెలనెలా కంపెనీ కడుతుంది, జబ్బు చేసినా చెయ్యకపోయినా. ఎన్నిసార్లు వెళ్ళినా విడిగా ఫీజు లేదు. మామూలు మందులూ రక్తపరీక్షలూ అక్కడే. డాక్టరమ్మ ప్రతి మనిషినీ కనీసం అరగంట కూర్చోబెట్టి మాట్లాడుతుంది. తన ఫోను నంబరు తనే రాసిస్తుంది. నాలుగు వందలమందికి మించి ఒక్కరిని కూడా చేర్చుకోదు.

ఆవిడ కూడా సరదాకి ఈ పద్ధతి పెట్టలేదు. అదే పెద్దాసుపత్రిలో తొమ్మిదేళ్ళు రోజుకి ఎనభై మందిని చూసింది. ఒకరోజు ఒకావిడ మందుల చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "నా ముఖం ఒక్కసారి చూస్తారా అమ్మా?" అని అడిగిందట. ఆ మాటతో ఉద్యోగం మానేశానని డాక్టరమ్మే చెప్పింది. "మరి మీరు వచ్చేశాక ఆ మిగతావాళ్ళంతా ఏమయ్యారు మేడమ్?" అని గడియారం అడిగితే, కొంచెంసేపు బల్ల మీద కాగితాలు సర్దుకుని, "అది మాత్రం నన్నడక్కండి" అంది.

అంత మంచిది కాబట్టే గడియారానికి ఆవిడంటే హడలు. మూడు నిమిషాల డాక్టరుకి అబద్ధం చెప్పడం సులువు. అరగంట ఎదురుగా కూర్చుని, కూతురి చదువు దగ్గర్నుంచి నిద్ర దాకా అడిగే డాక్టరుకి చెప్పడం కష్టం. పైగా ఆవిడకి డబ్బు ఎవరు కడుతున్నారు? కంపెనీ. కంపెనీ డబ్బు తీసుకునే మనిషి కంపెనీ వైపు ఉంటుందా, నా వైపు ఉంటుందా? ఈ ఒక్క ప్రశ్న రెండేళ్ళుగా అతని బుర్ర తొలిచేస్తోంది. ఆవిడ మొదటిరోజే చెప్పింది, మీ జబ్బుల సంగతి కంపెనీకి ఒక్క ముక్క చేరదు, ఏడాదికోసారి 'బండి నడపొచ్చు' అనో 'వద్దు' అనో ఒక సర్టిఫికెట్ మాత్రమే వెళ్తుంది అని. గడియారం వినయంగా తల ఊపాడు. నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం రోజూ షెడ్డులో కనబడేది. ఆరో నంబరు బస్సు నడిపిన మనిషికి షుగరు ముదిరి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇంజెక్షను మీద ఉన్నవాళ్ళు పిల్లల బస్సు తోలకూడదని కంపెనీ రూలు. ఇప్పుడతను పొద్దున్నే లుంగీ ఎగగట్టి పైపుతో బస్సులు కడుగుతాడు. గడియారం బస్సు కూడా అతనే కడుగుతాడు. కడిగి, అద్దం తుడిచి, "జాగ్రత్త అన్నా" అంటాడు. గడియారం అతని కళ్ళలోకి చూడకుండా బస్సెక్కేసేవాడు.

గడియారానికి కూడా షుగరుంది. మూడు నెలల క్రితం సగటు చెప్పే రక్తపరీక్ష చేసి డాక్టరమ్మ పెదవి విరిచింది. "ఒక్కరోజు కడుపు మాడ్చుకుని వచ్చి ఈ పరీక్షని మోసం చెయ్యలేరండీ. మూడు నెలలు మీరేం చేశారో మొత్తం చెప్పేస్తుంది. వచ్చేసారికి దిగకపోతే ఇంజెక్షను సంగతి ఆలోచిద్దాం" అంది. ఆవిడ మాటవరసకి అంది. ఇతనికి పైపూ, లుంగీ కనిపించాయి. ఆ తర్వాత ఆవిడ మరో పావుగంట ఎన్నో జాగ్రత్తలు చెప్పింది. ఇతని చెవికి ఒక్కటీ ఎక్కలేదు.

నెలన్నర బుద్ధిగా తిన్నాడు, నడిచాడు. వేలు గుచ్చి చూస్తే అంకె పెద్దగా దిగలేదు. అప్పుడు మొదలుపెట్టాడు రెండో మాత్ర. డాక్టరమ్మ పొద్దున ఒకటి, తిండికి ముందు అని రాసింది. ఇతను రెండు వేసుకుని, తిండి మానేశాడు. భార్య కట్టిచ్చిన రొట్టెల డబ్బా షెడ్డు కుక్కలకి పెట్టేవాడు. కుక్కలు నున్నగా తయారయ్యాయి. ఒక మాత్ర ఇంత తగ్గిస్తే రెండు అంతకి అంతా తగ్గించవూ? తిండి లేకపోతే ఇంకా తగ్గదూ? లెక్క చక్కగానే ఉంది. అయ్యవారు లెక్కల్లో చిన్నప్పటి నుంచీ చురుకే.

అంకెలు నిజంగానే దిగాయి. క్లినిక్‌లో చూపిస్తే డాక్టరమ్మ మురిసిపోయింది. "భేష్! ఇలాగే కానివ్వండి" అని ఫోనులో మెసేజీ పెట్టింది. ఏడాది సర్టిఫికెట్ మీద 'బండి నడపొచ్చు' అని సంతకం చేసి కంపెనీకి పంపింది. గడియారం ఆ మెసేజీ రోజుకి నాలుగుసార్లు తీసి చదువుకునేవాడు. మాత్రలు ముందే అయిపోతే, చొక్కాతో పాటు ఉతుకులో తడిసిపోయాయని నర్సుకి చెప్పాడు. నర్సు నవ్వి ఇంకో డబ్బా ఇచ్చింది.

తర్వాత వణుకు మొదలైంది. బోర్డుల మీద అక్షరాలు అలుక్కుపోయేవి. ఉన్నట్టుండి చెమట్లు. ఒకసారి ఎర్రలైటు పచ్చలైటులా కనిపించి, వెనకనుంచి ఎవరో అరిస్తే బ్రేకు వేశాడు. గడియారానికి గుండెల్లో రాయి పడింది. షుగరు పెరిగిపోతోంది, అంకెకి కూడా దొరక్కుండా లోపల్లోపల పెరిగిపోతోంది అనుకున్నాడు. అనుకుని, మాత్రలు ఒక్కరోజు కూడా తప్పకుండా రెండేసి వేసుకున్నాడు.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను దగ్గర నుంచే అతని వాలకం కనిపెట్టింది. "ఏవండీ, ఏమిటా ముఖం? ఎవరైనా ఏమన్నారా?"

"ఎండ" అన్నాడు. మబ్బు పట్టిన రోజది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అలా వదిలెయ్యడం అతన్ని ఇంకా భయపెట్టింది.

మంగళవారం పొద్దున ఎలా నడిపాడో అతనికే తెలియాలి. నడకకంటే కొంచెం వేగం, అంతే. కుడి, ఎడమ, గేరు, బ్రేకు అని పైకే అనుకుంటూ నడిపాడు. ఆయా తన సీట్లో కూర్చోలేదు. దారిపొడవునా అతని వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, "అన్నా, పాల దుకాణం వచ్చింది. అన్నా, ముందు ఆటో ఉంది" అని మాట్లాడుతూనే ఉంది. పిల్లలకి ఇది కొత్త ఆటలా ఉంది. వాళ్ళూ కోరస్ అందుకున్నారు.

మధ్యాహ్నం బస్సులో ఒక్కడే కూర్చుని డాక్టరమ్మకి ఫోను చేశాడు. అంతా ఆలోచించి పెట్టుకున్నాడు.

"మేడమ్, నా గురించి కాదండీ. మా బావమరిది. వాడికి ఉన్నట్టుండి చెమట్లు, వణుకు. కాసేపు ఏం చేస్తున్నాడో వాడికే తెలియడం లేదు."

అవతల కుర్చీ కిర్రుమంది. "షుగరుందా అతనికి?"

"ఉందండీ. మాత్రలు వాడుతున్నాడు. నావే, అంటే... నాలాంటివే."

"ఏం పని చేస్తాడు?"

"గోడలకి రంగులు వేస్తాడండీ."

"నిచ్చెన ఎక్కనివ్వకండి!" ఆవిడ గొంతు మారిపోయింది. "బండి కూడా నడపనివ్వద్దు. ఒంటరిగా వదలద్దు. మళ్ళీ అలా అయితే వెంటనే చక్కెర నీళ్ళు పట్టండి. చూడకుండా ఫోనులో ఇంతకంటే చెప్పలేను. సభ్యుల ఇంట్లోవాళ్ళని ఒకసారి చూస్తాను, దానికి సభ్యత్వం అక్కర్లేదు. రేపు మధ్యాహ్నం తీసుకురండి. తప్పకుండా. గడియారం గారూ, ఇది ఆడుకునే విషయం కాదు."

బండి నడపనివ్వద్దు. ఆ మాట విన్నాక అతను ఫోను జేబులో పెట్టుకుని, మూడింటికి అదే బస్సు తీసి, ముప్పై ఒక్కమందిని ఇళ్ళకి చేర్చాడు. వాళ్ళని చేర్చాక పక్కకి ఆపి వాంతి చేసుకున్నాడు.

ఆ రోజుకి మనిషికి తెలివి అక్కడితో ఆగితే బాగుండేది. ఇంటికి రాగానే బావమరిదిని పిలిచి కూర్చోబెట్టాడు. బావమరిది దుక్కలాంటివాడు. మాత్ర అనేది జన్మలో మింగి ఎరగడు. నోరు మూతపడదు, అదొక్కటే వాడి జబ్బు.

"ఒరేయ్, రేపు డాక్టరు దగ్గర నీకు చెమట్లు పడుతున్నాయని చెప్పాలి. వణుకు వస్తుందని చెప్పాలి. ఆవిడ ఏం చెయ్యమంటుందో విని రావాలి. అంతే."

"నాకెందుకు వస్తుంది బావా వణుకు?"

"వస్తుందని చెప్పరా."

"అబద్ధం చెప్తే సూది గుచ్చుతారేమో?"

"గుచ్చితే గుచ్చించుకో. నీ అక్క మీద ఒట్టు, అక్కకి మాత్రం ఈ సంగతి చెప్పకు."

బావమరిది బావ ముఖంలోకి చూశాడు. వాడికి అంత ఆలోచన లేదుగానీ, బావ కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి. సరేనన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరూ క్లినిక్‌లో ఉన్నారు. పొద్దున ట్రిప్పు ఎలాగో గడిచింది. మళ్ళీ మూడింటికి ఉంది. క్లినిక్ అంటే మూడు గదుల ఇల్లు. ముందు గదిలో నాలుగు కుర్చీలు, వాటిలో మూడు ఎప్పుడూ ఖాళీ. మామూలుగా ఆ ఖాళీ కుర్చీలు చూస్తే గడియారానికి గొప్పగా ఉండేది. ఆ రోజు మాత్రం, దాక్కోవడానికి ఎవరి వెనకా చోటు లేదనిపించింది.

బావమరిది లోపలికెళ్ళి కూర్చుని, మొదటి రెండు ముక్కలూ చిలకలా అప్పజెప్పాడు. చెమట్లండీ, వణుకండీ. డాక్టరమ్మ ఎప్పటి నుంచి, ఏ వేళప్పుడు, తిన్నాకా తినకముందా అని అడగడం మొదలుపెట్టింది. వాడు బావ వైపు చూశాడు. బావ గోడ వైపు చూశాడు. ఇక వాడికి తోచింది వాడు చెప్పుకుంటూ పోయాడు. తన గురక గురించి చెప్పాడు. మోకాలు చూపించాడు. ఇంతసేపు వినే డాక్టరు దొరకడం వాడికి జన్మలో మొదటిసారి, అందుకని చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడిన సంగతి కూడా చెప్పాడు.

డాక్టరమ్మ అన్నీ విని, వాడి వేలు గుచ్చి చూసింది. తొంభై ఆరు. "ఏ మాత్రలు వాడుతున్నారు?"

"మాత్రలా? నేనా?" అన్నాడు బావమరిది, నిజంగా ఆశ్చర్యపోతూ.

డాక్టరమ్మ కుర్చీ ఇటు తిప్పింది. గడియారం కుక్కిన పేనులా కూర్చున్నాడు. నుదుటి మీంచి చెమట గడ్డం దాకా కారుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి సరిగ్గా ముఖం దగ్గరికి పోవడం లేదు.

"మీ వేలు ఇవ్వండి."

"నాకెందుకు మేడమ్, నేను..."

"ఇవ్వండి."

యాభై ఒకటి. ఆవిడ ఆ అంకె చూసింది. ఇదివరకు అంకె దిగినప్పుడల్లా ఆ ముఖంలో వెలుగు కనిపించేది. ఈసారి ముఖంలో రక్తం లేదు. లేచి తనే పరుగున వెళ్ళి గ్లాసులో చక్కెర కలిపి తెచ్చి, అతని తల పట్టుకుని తాగించింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ తాగించింది. బ్రెడ్డు తినిపించింది. బావమరిది కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

నర్సు మాత్రలు ఇచ్చిన లెక్కల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ముప్పై రోజుల డబ్బా పదిహేను రోజులకి అయిపోయింది. ఉతుకులో తడిసిందన్న డబ్బా. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. గడియారం మొత్తం చెప్పేశాడు. రెండు మాత్రలు, కుక్కలు, ఎర్రలైటు, రంపపు మిల్లు. చెప్తున్నంతసేపూ అతను డాక్టరమ్మ చేతుల వైపే చూశాడు. అవి ఆ పుస్తకం మూసి, మళ్ళీ తెరిచాయి.

"షుగరు పెరగలేదండీ మీకు. పడిపోయింది. రోజూ మీరే పడేశారు. నాకు ఒక్క మాట చెప్తే మాత్ర మార్చేదాన్ని. పడిపోనివ్వని మాత్రలు ఉన్నాయి. ఇంజెక్షను దాకా వెళ్ళే పనే లేదు." ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. "అసలు నేను అడగాలి. నెలలో అంకె అంత దిగితే ఎలా దిగిందని ఏ డాక్టరైనా అడగాలి. నేను భేష్ అని మెసేజీ పెట్టాను. మీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద ఉన్నది నా సంతకం."

"కంపెనీకి చెప్తారా మేడమ్?" అన్నాడు గడియారం.

"మీ జబ్బు గురించి చెప్పను. మాటిచ్చాను. కానీ ఆ సర్టిఫికెట్ ఇప్పుడే, ఈ నిమిషమే వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకన్నది చెప్పాల్సింది మీరు. ఈ మాత్ర ఒంట్లో రాత్రి దాకా పని చేస్తుంది. ఇప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది, గంటకి మళ్ళీ పడిపోవచ్చు. ఇవాళ మీరు స్టీరింగు ముట్టుకోకూడదు. కొత్త మాత్ర మీద కొన్ని వారాలు చూశాక మాట్లాడదాం."

రెండు దాటింది. గడియారం కంపెనీ మేనేజరుకి ఫోను చేశాడు. రెండేళ్ళుగా ఏ మాట అంటే కొంప మునుగుతుందని భయపడ్డాడో ఆ మాట అన్నాడు. "సార్, నాకు ఒంట్లో బాలేదు. డాక్టరు బండి నడపొద్దంది. బస్సులో కూడా ఒకసారి తెలివి తప్పింది."

మేనేజరు ఎక్కడో షెడ్డులో ఉన్నాడు, వెనక ఇంజను చప్పుడు. "ఇప్పుడెలా ఉంది?"

"ఇప్పుడు పర్లేదండీ."

"పర్లేదుగా! స్పేరు డ్రైవరు లేడయ్యా, అందరూ రూట్ల మీద ఉన్నారు. ఈ ఒక్కపూటకి లాగించెయ్. రేపు పొద్దున కూర్చుని మాట్లాడదాం. నీలాంటి డ్రైవరు నాకెక్కడ దొరుకుతాడు?"

డాక్టరమ్మ ఫోను లాక్కుని తను మాట్లాడింది. మేనేజరు ఆవిడకి మర్యాదగానే, కాగితం పంపండి మేడమ్, రేపు చూస్తాం అని పెట్టేశాడు.

ఇంతకాలం ఎవరో తన చేతిలోంచి స్టీరింగు లాక్కుంటారని భయపడ్డాడు. ఇప్పుడు ఎవరూ లాక్కోవడం లేదు. నడపమంటున్నారు. ఒంట్లో చక్కెర పడి తల తేటగా ఉంది, చేతులు కుదురుగా ఉన్నాయి. అయిదు కిలోమీటర్లు. ఇవాళ ఒక్కపూట. నడపగలననే అనిపించింది. ఆ అనిపించడమే అతన్ని రంపపు మిల్లు కంటే ఎక్కువ భయపెట్టింది. ఎందుకంటే మిల్లుకి వెళ్ళిన రోజు కూడా సర్కిల్ దాకా అలాగే అనిపించింది.

"బస్సు స్కూలు దగ్గరే ఉంది, తాళాలు నా దగ్గరున్నాయి మేడమ్. పిల్లలు బయటికొచ్చేస్తారు. నేను వెళ్ళాలి."

"పదండి. నేనూ వస్తాను" అంది ఆవిడ.

డాక్టరమ్మ కారులో ముగ్గురూ వెళ్ళేసరికి గంట కొట్టేశారు. ఆయా పిల్లల్ని వరసలో నిలబెట్టి బస్సు దగ్గరికి తెస్తోంది. గడియారాన్ని చూసి పిల్లలు "మావయ్య వచ్చాడు" అని అరిచారు. అతను బస్సు తలుపు తియ్యలేదు. తాళంచెవి తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళమ్మా. నేను బండి తియ్యను. అందరి ఇళ్ళకీ ఫోన్లు చెయ్యమను."

అరగంటలో తల్లిదండ్రులు రావడం మొదలైంది. పని మానుకుని వచ్చినవాళ్ళు, పిండి చేతులతో వచ్చినవాళ్ళు, స్కూటరు మీద హడావిడిగా వచ్చినవాళ్ళు. ఏమైంది, బస్సెందుకు ఆగింది, చెప్పాపెట్టకుండా ఏమిటిది అని ఒకటే అరుపులు. ఎవరో యాక్సిడెంటు అన్నారట, ఒక తండ్రి ఏడుస్తూనే వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు ఏదో బండి రిపేరని సర్దిచెప్పబోయారు. ఆ మాట పట్టుకుని తప్పుకోవచ్చు. మామూలుగా అయితే గడియారం అదే పని చేసేవాడు.

"బండి బాగానే ఉందండీ" అన్నాడు పెద్దగా. "నాకే బాలేదు. నాకు షుగరు. మందు ఇష్టమొచ్చినట్టు వేసుకున్నాను. నడుపుతూ ఉండగా తెలివి తప్పుతోంది. అందుకని నడపను."

స్కూటరు మీద వచ్చిన ఒక తండ్రి ముందుకొచ్చి, "ఏడాదికోసారి డాక్టరు సర్టిఫికెట్ తీసుకుంటారుగా మీ దగ్గర? ఏ డాక్టరు ఇచ్చాడయ్యా నీకు?" అని గద్దించాడు.

"నేనే ఇచ్చాను" అంది డాక్టరమ్మ పక్కనుంచి. "నేను సరిగ్గా చూడలేదు."

ఆ తర్వాత అందరూ ఒక్కసారే అరిచారు. ఎవరు ఏమన్నారో గడియారానికి వినబడలేదు. ఒకామె అతని చొక్కా పట్టుకుంది. బావమరిది అడ్డం వస్తే వాడికీ రెండు తగిలాయి. అతను కదల్లేదు. గుంపులోంచి ఆయా వచ్చి ఎదురుగా నిలబడింది. పక్కన ఆమె కూతురు, బ్యాగు తగిలించుకుని, తల్లి చెయ్యి పట్టుకుని. ఆయా అరవలేదు. సోమవారం నుంచి ఇతన్ని కనిపెట్టుకుని, మాటలు చెప్తూ, ఇతను నడిపే బస్సులో తన పిల్లని తనే ఎక్కించింది.

"ఎన్నాళ్ళ నుంచన్నా?" అంది. "సోమవారం ఒక్కసారేగా?"

అవునంటే ఆమెకి ఆ రాత్రి నిద్ర పట్టేది. ఆమె కళ్ళు అతన్ని అవునని అనమంటున్నాయి. గడియారం పిల్లదాని వైపు చూడలేక ఆయా వైపే చూస్తూ చెప్పాడు.

"ఆరు వారాలమ్మా."

ఆయా కూతురి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. పిల్లది "అమ్మా, నొప్పి" అంది. ఆమె వదల్లేదు.